రావుగారిచ్చిన రిఫరెన్సు

సారపాక దగ్గరి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ నుంచి భానుకు లైబ్రేరియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ కబురు కంటే ముందు తండాలో ఇంకో కబురు పాకింది. హీరాలాల్ బిడ్డకు ఏదో పెద్ద జబ్బు చేసిందట, ఇక్కడ కాదని భద్రాచలం రాసిచ్చారట.

దానికి కారణం భాను తల్లి చాంది. పొద్దున్నే వాకిట్లో కూర్చుని భాను ఫోన్‌లో మెయిల్ చదువుతూ, "రెండు రిఫరెన్సులు గావాల్నంట" అని తనలో తాను అనుకుంది. పొయ్యి దగ్గరున్న చాంది చెవిలో ఆ ఒక్క ముక్కే పడింది. కిందటేడు భర్తకు జ్వరం ముదిరినప్పుడు కారేపల్లి దవాఖానాలో డాక్టరమ్మ, "ఇక్కడ కాదు, ఖమ్మం రిఫరెన్స్ రాస్తున్నా" అన్నది. ఆ ఒక్క రిఫరెన్సుకే మనిషి సగమై తిరిగొచ్చాడు. ఇప్పుడు పిల్లకు రెండట. చాంది కూతుర్ని ఒక్క మాట అడగకుండా బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయి, పక్కింటి పుష్ప ముందు కళ్ళు తుడుచుకుంది. మిగతా పని పుష్ప చూసుకుంది.

మధ్యాహ్నానికి ఇద్దరు ముసలమ్మలు భానును చూడటానికి వచ్చారు. ఒకామె కొబ్బరిబోండం కూడా తెచ్చింది. భాను దాన్ని తాగుతూనే విషయమంతా కనుక్కుంది.

"యాడీ, గది దవాఖానా రిఫరెన్స్. ఇది నౌకరీ రిఫరెన్స్" అంది తల్లితో.

"రెండిటికీ ఒకటే పేరెందుకు పెట్టిండ్రు మరి?" అని చాంది ఎదురడిగింది. భాను బోండంలో మిగిలిన నీళ్ళు తాగేసింది.

సాయంత్రం తమ్ముడు జగదీష్ వచ్చాక మళ్ళీ అదే మాట. అతను కారేపల్లిలో మీసేవ సెంటర్లో పనిచేస్తాడు. "రిఫరెన్స్ అంటే నంబర్ అక్కా. మేం రసీదు మీద ఏస్తం గద. గా నంబర్ చెప్తే ఎక్కడ ఆగిందో దొరుకుతది" అన్నాడు. అతని లెక్కలో లోకంలో ప్రతి పనీ ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది. నంబరు ఉంటే చాలు.

తండ్రి హీరాలాల్ మంచం మీద కూర్చుని అందరి మాటలూ విన్నాడు. ఆయనకు నాలుగెకరాల చేనుంది, ఒక పాత ట్రాక్టరుంది. తండాలో పంచాయతీలు తీర్చిన అనుభవం కూడా ఉంది. గొంతు సవరించుకుని తీర్పు చెప్పినట్టే చెప్పాడు.

"మీకెవ్వరికీ తెల్వదు. రిఫరెన్స్ అంటే పైరవీ. ఇంగ్లీషుల మర్యాదగ అడిగిండ్రు, అంతే."

"కాదు బాపూ. నా పని కండ్లార చూసినోళ్ళు ఇద్దరుండాలె. కాలేజోళ్ళు ఫోన్ చేస్తే నా గురించి ఉన్నదున్నట్టు చెప్పాలె."

"ఉన్నదున్నట్టు చెప్పెటోడు మనకెందుకు బిడ్డా? మంచిగ చెప్పెటోడు గావాలె గని."

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు తండాలో లేరు. భాను నవ్వి ఊరుకుంది. నిజానికి ఆమె చదివిన లైబ్రరీ చదువులో రిఫరెన్స్ అంటే ఇవేవీ కావు. అదొక అర. నిఘంటువులు, పెద్ద పెద్ద పటాల పుస్తకాలు ఉండే అర. అక్కడి పుస్తకాన్ని అక్కడే కూర్చుని చూసుకోవాలి, ఇంటికి తీసుకుపోవడానికి లేదు.

ఆ అర వల్లే ఆమెకు రావుగారితో ఒకసారి మాటామాటా వచ్చింది.

రావుగారంటే వెంకటరామారావు. ఆయన తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇటు భూములు కొన్నారు. డెబ్భై దాటినా ఇప్పటికీ రోజూ స్కూటర్ మీద కారేపల్లి లైబ్రరీకి వచ్చి పేపర్లన్నీ చదివి, గళ్ళ నుడికట్టు నింపి, మిగిలిన గళ్ళను తిట్టుకుంటూ వెళ్తారు. భాను అక్కడ ఏడాదిపాటు టెంపరరీగా పనిచేసింది. ఒకరోజు ఆయన పెద్ద తెలుగు నిఘంటువును చంకలో పెట్టుకుని గుమ్మం దాటబోయారు.

"తాతగారూ, అది రిఫరెన్స్ పుస్తకం. ఇంటికియ్యరు" అంది భాను.

"రేపు పొద్దున్నే తెచ్చిచ్చేస్తానమ్మా."

"ఇక్కడ్నే కూర్చోని ఎంతసేపైనా చూడండి."

రావుగారికి అది కొత్త అనుభవం. ఆయన తల పైకెత్తి ఫ్యాను వైపు చూశారు. దాని రెక్క మీద దాత పేరు ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. "ఆ ఫ్యాను ఎవరిచ్చారో తెలుసా నీకు?"

"తెలుసు తాతగారూ. కావాలంటే ఫ్యాను ఇంటికి తీసుకపోండి. పుస్తకం మాత్రం ఇక్కడ్నే ఉండాలె."

లైబ్రరీలో ఉన్నవాళ్ళు పేపర్లు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. రావుగారు నిఘంటువును బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు రాలేదు. ఇంట్లో ఉండి నుడికట్టు నింపలేక, చివరికి ఏమీ జరగనట్టే వచ్చి అదే ఫ్యాను కింద కూర్చున్నారు. భాను కూడా ఏమీ జరగనట్టే నిఘంటువు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. తండ్రి ఏటా రావుగారి చేను దున్నుతాడు, ఎందుకొచ్చిన గొడవ అని.

ఇప్పుడు కాలేజీకి ఇవ్వాల్సిన రెండు పేర్లలో ఒకటి తేలిగ్గానే దొరికింది. వరంగల్‌లో పాఠాలు చెప్పిన సారు వెంటనే సరేనన్నారు. రెండో పేరు కారేపల్లి లైబ్రరీ బాధ్యుడు బాబూరావుది అనుకుంది. ఆయన భార్యతో కలిసి తీర్థయాత్రకు వెళ్ళాడు. ఫోన్ చేస్తే మోగదు. భాను సర్టిఫికెట్లన్నీ జగదీష్‌కు ఇచ్చి, "స్కాన్ చేసి మెయిల్ రెడీగ పెట్టు. బాబూరావు సార్‌కు నువ్వు గూడ ఫోన్ చేస్తుండు. ఎత్తంగనే ఆయన పేరు రాసి పంపు" అంది.

హీరాలాల్‌కు ఆ ఖాళీ జాగా కంట్లో నలుసులా కనిపించింది. మర్నాడు చెప్పాపెట్టకుండా లేత మొక్కజొన్న పొత్తులు సంచినిండా విరుచుకుని రావుగారి ఇంటికి పోయాడు. రావుగారు వసారాలో పేపరు ముందేసుకుని కూర్చున్నారు. భార్య రాఘవమ్మ చిక్కుళ్ళు తుంచుతోంది.

"మా భాను నౌకరీకి మీరు రిఫరెన్స్ ఇయ్యాలె రావుగారూ" అన్నాడు హీరాలాల్. "కాలేజోళ్ళు ఫోన్ జేస్తరు. పిల్ల గురించి రెండు మంచి ముక్కలు చెప్తే చాలు. మీకు తెలుసు గద, మన లైబ్రరీల జేసింది."

"తెలుసు, తెలుసు" అన్నారు రావుగారు. "బాగా తెలుసు."

రాఘవమ్మ చిక్కుళ్ళ చేటను మొహానికి దగ్గరగా ఎత్తుకుంది. ఆమె ఎందుకు నవ్వుతోందో హీరాలాల్‌కు అర్థం కాలేదు. మొక్కజొన్న పొత్తులకు సంతోషపడుతోంది కాబోలు అనుకున్నాడు.

రావుగారు నిజంగానే మంచి మనిషి. ఇన్నేళ్ళుగా తన పొలం దున్నిన మనిషి ఇంటికొచ్చి అడిగితే కాదనలేరు. పైగా తనను గుమ్మంలో ఆపిన పిల్లకు తనే ఉపకారం చేయడం ఆయనకు చాలా గొప్పగా కూడా అనిపించింది. "నువ్వు నిశ్చింతగా ఉండు హీరాలాలూ. నేను చెప్తే తిరుగుండదు" అన్నారు.

హీరాలాల్ నేరుగా మీసేవకు పోయి ఆ పేరు, ఆ నంబరు రాయమన్నాడు.

"అక్కను అడిగినవా బాపూ?"

"నేను చెప్తున్న గద."

జగదీష్ రాశాడు. పేరు ఒంటరిగా ఉందని పక్కన 'ప్రముఖ రైతు, దాత' అని కూడా చేర్చాడు. సాయంత్రం భాను ఫోన్ చేసి, "రెండో పేరు వచ్చిందా?" అని అడిగితే, "వచ్చింది, పంపిన గూడ" అన్నాడు. బాబూరావు దారిలో ఎక్కడో ఫోనెత్తి ఉంటాడని ఆమె సంతోషపడింది.

ఇంటర్వ్యూ రోజు ముసురు పట్టింది. భాను కొత్తగూడెంలో బస్సు మారింది. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు వానలో నానుతున్నాయి. బస్సు అద్దం సందులోంచి జల్లు పడుతుంటే సర్టిఫికెట్ల ఫైలును కొంగు కింద దాచుకుంది. కాలేజీ గేటు దగ్గర దిగేసరికి చెప్పులకు బురద అంటుకుంది. నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది.

ప్రిన్సిపాల్ పేరు సీతారావమ్మ. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. పక్కన ఎకనామిక్స్ లెక్చరర్ ఒకాయన కూర్చున్నాడు. పుస్తకాలు ఎలా అమరుస్తారు, కంప్యూటర్లో ఎలా ఎక్కిస్తారు అని అడిగారు. భాను తడబడకుండా చెప్పింది. సీతారావమ్మ తల ఊపుతూ విని, ముందున్న కాగితం తిప్పింది.

"వరంగల్ సార్ నీ గురించి బాగా రాశారు. నిన్న రెండో ఆయనతో నేనే మాట్లాడాను. వెంకటరామారావుగారు."

భానుకు ఒక్క క్షణం ఆ పేరు ఎవరిదో తట్టలేదు. తట్టాక కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"చాలా మెచ్చుకున్నారమ్మా" అంది సీతారావమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో మెచ్చుకోలు లేదు. "ఆయన చెప్పింది చెప్పినట్టు చదువుతాను. 'ఎంతో మర్యాదస్తురాలండీ. పెద్దవాళ్ళ మాట కాదనదు. ఎవరు ఏ పుస్తకం అడిగినా లేదనదు. నిఘంటువు అడిగితే నిఘంటువు కూడా ఇంటికిచ్చి పంపించింది.'"

లెక్చరర్ తన వేళ్ళ గోళ్ళు చూసుకున్నాడు.

"ఇంతకు ముందున్న లైబ్రేరియన్ కూడా చాలా మంచివాడే" అంది సీతారావమ్మ. "ఎవరు అడిగినా ఇచ్చేవాడు. ఇప్పుడు మా రిఫరెన్స్ అరలో దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇంకో మంచి మనిషిని తెచ్చుకునే ఓపిక నాకు లేదమ్మా."

భానుకు ముందు తండ్రి మీద కోపం వచ్చింది. తర్వాత తమ్ముడి మీద. ఆ తర్వాత, ఎంత ఆపుకుందామన్నా, నవ్వు వచ్చింది. నవ్వితే ఉద్యోగం పోతుంది. నవ్వకపోయినా పోయేలాగే ఉంది. ఊరుకుంటే తను చేయని తప్పు నెత్తిన పడుతుంది. నోరు విప్పితే రావుగారు అబద్ధాలకోరు అవుతారు, ఆయన ఇంటికి పోయి అడిగిన తండ్రి పరువు పోతుంది.

"అది నిజం కాదు మేడమ్" అంది చివరికి.

"ఏది?"

"నేను నిఘంటువు ఇంటికియ్యలేదు. తాతగారు అడిగిన్రు. నేను కాదన్నాను."

"అంటే నీ రిఫరెన్సే అబద్ధం చెప్పారంటావా?"

"ఆయన మంచి మనిషి మేడమ్. నాకు మేలు చేద్దామని చెప్పి ఉంటారు. మంచి పిల్ల అంటే అడిగిందల్లా ఇచ్చేదే అనుకున్నరు."

సీతారావమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఫోన్ అందుకుని రావుగారి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది.

అవతల రావుగారు ఉత్సాహంగా ఎత్తారు. ప్రిన్సిపాల్ నిఘంటువు సంగతి మళ్ళీ అడిగింది.

"అయ్యో, ఇచ్చిందండీ. అడగ్గానే ఇచ్చింది. చేతి సంచిలో పెట్టి మరీ ఇచ్చింది."

"ఆ అమ్మాయి ఇవ్వలేదంటోంది. ఇక్కడే ఉంది."

ఫోన్‌లో వెనక గిన్నెల మోత వినిపించింది. తర్వాత ఒక ఆడగొంతు దగ్గరికి వచ్చింది. "ఏమిటండీ ఆ అబద్ధాలు. ఇలా ఇవ్వండి" అంటూ రాఘవమ్మ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నేను ఆయన భార్యని. ఆ పిల్ల పుస్తకం ఇవ్వలేదమ్మా. ఇవ్వలేదని ఈయన వారం పాటు అన్నం ముందు కూర్చుని అలిగారు. కావాలంటే ఫ్యాను పట్టుకుపొమ్మందిట. ఆ సంగతి తలుచుకుని నేను ఇప్పటికీ నవ్వుకుంటాను."

లెక్చరర్ దగ్గాడు. ఫోన్ మళ్ళీ రావుగారి చేతికి వచ్చింది. ఆయన గొంతు బాగా తగ్గింది.

"నిజమేనండీ. ఇవ్వలేదు. ఎంత అడిగినా ఇవ్వలేదు. ఇవ్వలేదని చెప్తే ఆ పిల్లకి ఉద్యోగం రాదేమోనని ఇచ్చిందన్నాను. పొరపాటే." కాస్త ఆగి, తన గౌరవం కొంచెమైనా నిలుపుకోవాలని కాబోలు, "కానీ ఒక్క మాట చెప్తున్నా. మీరు ఈ పిల్లని పెట్టుకుంటే మీ లెక్చరర్లు ఏడుస్తారు" అన్నారు.

సీతారావమ్మ లెక్చరర్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి వానను చూశాడు.

"థాంక్సండీ. నాకు కావలసింది ఇదే" అని ఫోన్ పెట్టేసింది. భానుతో మాత్రం, "మిగతా వాళ్ళను కూడా చూసి చెప్తాం, వెళ్ళిరామ్మా" అంది. భాను గుమ్మం దాకా పోయాక వెనక నుంచి, "ఫ్యాను నిజంగా తీసుకెళ్ళమన్నావా?" అని అడిగింది.

"అన్నాను మేడమ్" అని భాను తల దించుకుంది.

ఇంటికొచ్చేసరికి హీరాలాల్ వాకిట్లోనే ఉన్నాడు. "ఏంది బిడ్డా, మన రావుగారి మాట పనిజేసిందా?" అన్నాడు. దారంతా ఎలా తిట్టాలో భాను సిద్ధం చేసుకునే వచ్చింది. జరిగిందంతా చెప్పింది. ఫ్యాను దగ్గరికి వచ్చేసరికి చాంది పొయ్యి వదిలేసి వచ్చి నిలబడింది. జగదీష్ నవ్వు ఆపుకోలేక గోడ చాటుకు పోయాడు. హీరాలాల్ నవ్వలేదు.

"అంటే నేను పోయి అడిగింది ఉల్టా అయ్యింది" అన్నాడు నెమ్మదిగా. "భూమి పాసుబుక్కుకు పోతే ఎవ్వరి తరఫునొచ్చినవన్నరు. ట్రాక్టరు లోనుకు పోతే గూడ గదే మాట. నీ సదువు నాకు తెల్వదు. నీ పుస్తకాలు నేను సదవలేను. నాకు చేతనైంది ఒకరింటికి పోయి అడుగుడే. అందుకే పోయిన."

భాను తిట్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తండ్రి ఎవరింటి ముందూ తేలిగ్గా నిలబడే మనిషి కాదని ఆమెకు తెలుసు. పొత్తుల సంచి భుజాన వేసుకుని ఆ ఇంటి దాకా ఎలా నడిచి ఉంటాడో ఇప్పుడు తోచింది. మంచం మీద ఆయన పక్కన కూర్చుంది.

"ఉల్టా కాలే బాపూ. నేననుకున్న సారైతే ఫోనే ఎత్తలే. నువ్వు తెచ్చిన ఆయనైతే ఫోనెత్తిండు, అబద్ధం చెప్పిండు, మళ్ళ నిజం గూడ చెప్పిండు. గట్ల ఎవ్వరు చెప్తరు?"

"అవ్ మరి" అన్నాడు హీరాలాల్, కొంచెం తేరుకుని. "రావుగారంటే ఊకెనా."

తర్వాతి వారం కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది, చేరమని. చాంది తండాలో చక్కెర పంచింది. పాత పుకారు నమ్మిన ముసలమ్మ చక్కెర నోట్లో వేసుకుంటూ, "జబ్బు తగ్గిందా బిడ్డా?" అని అడిగింది. తగ్గిందని చెప్పింది భాను. అదే తేలిక.

చలికాలం మొదలయ్యేసరికి సంబంధం ఒకటి వచ్చింది. తిరుమలాయపాలెం వైపు తండా పిల్లగాడు, మధిరలో బ్యాంకు క్లర్కు. వాళ్ళ తరఫు పెద్దలు పిల్లను చూడకముందే కాలేజీకి ఫోన్ చేసి సీతారావమ్మను వాకబు చేశారట. ఆమె, "గట్టి పిల్ల, జాగ్రత్త" అని మాత్రం చెప్పిందట. ఆ జాగ్రత్త ఎవరికో వాళ్ళకు అర్థం కాలేదు, అయినా వస్తామన్నారు.

"నా గురించి వాళ్ళు అడిగిండ్రు గద. మరి ఆ పిల్లగాని గురించి ఇద్దరి పేర్లు నాకు గావాలె" అంది భాను. "చుట్టాలు గాదు. రోజూ ఆయనతోని పనిబడేటోళ్ళు."

చాంది నెత్తి కొట్టుకుంది. "పిల్లగానికి రిఫరెన్స్ అడుగుతరా ఎక్కడన్న? ఎవరన్న ఇంటే నవ్వుతరు."

హీరాలాల్ మాత్రం ఆ మాటకు లేచి కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళే కావాలని ఈసారి ఆయనే అన్నాడు. మర్నాడు తెల్లారకముందే చెప్పులు తొడుక్కుని, ఖమ్మంలో బస్సు మారి, పొద్దెక్కేలోగా మధిరలో దిగాడు. బ్యాంకుకు ఎదురుగా లచ్చయ్య అనే ఆయన టీ కొట్టుంది. అక్కడి బెంచీ మీద కూర్చుని ఒక చాయ్ తాగి, కొంచెం ఆగి రెండోది చెప్పి, అప్పుడు మెల్లగా క్లర్కు సంగతి ఎత్తాడు.

లచ్చయ్య ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. "పిల్ల తరఫోళ్ళా?"

"కాదు" అన్నాడు హీరాలాల్ గంభీరంగా. "రిఫరెన్స్ కోసం వచ్చిన."

ఆ ముక్క లచ్చయ్యకు ఎలా అర్థమైందో గానీ, కెటిల్ దించి కొంచెం ఆలోచించి చెప్పాడు. "మంచోడే. ముసలోళ్ళు బ్యాంకుకొస్తే కూసోబెట్టి మాట్లాడతాడు. కోపం లేదు. కాకపోతే గిలాసు ఏడ తాగితే ఆడ్నే ఇడిసిపెడతాడు. కిటికీల ఒకటి, మెట్ల మీద ఒకటి. రోజూ ఏరుకోలేక చస్తున్న."

హీరాలాల్ అక్కడి నుంచే కూతురికి ఫోన్ చేసి, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా అప్పజెప్పాడు. అటువైపు భాను చాలాసేపు నవ్వింది.

"మరి ఏం చెప్పుమంటవ్ వాళ్ళకు?" అన్నాడాయన.

"రమ్మను బాపూ. ఈ ఒక్క రిఫరెన్స్ చాలు. గిలాసు సంగతి నేను అడుగుత."

హీరాలాల్ ఫోన్ జేబులో పెట్టుకుని, ఖాళీ గ్లాసు తనే తీసుకెళ్ళి లచ్చయ్య బకెట్లో వేసి, బస్టాండు వైపు నడిచాడు.